మూడు షిఫ్టుల నక్షత్రం

ఉక్కు కర్మాగారంలో ముప్పై ఒక్క సంవత్సరాలు షిఫ్టులు చేశాను. ఉదయం ఆరు నుంచి రెండు దాకా ఏ షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది దాకా బి షిఫ్టు, పది నుంచి తెల్లవారి ఆరు దాకా సి షిఫ్టు. విరమణ తీసుకుని ఆరేళ్లు దాటినా ఒంటికి ఆ లెక్క పోలేదు. రాత్రి పది కొట్టేసరికి ఊరంతా ఆవలిస్తుంటే నాకు కళ్లు తేటపడతాయి. మొదట్లో మా ఆవిడ డాక్టరు దగ్గరికి వెళదామని పట్టుబట్టింది. ఇప్పుడు ఫ్లాస్కులో టీ పోసి మేడ మెట్ల మీద పెట్టి తను పడుకుంటుంది.

ఆ మేడ మీద ఉండగా నాకు దొరికిన నక్షత్రం గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. అదీ ఎనిమిది గంటల లెక్కలోనే బతుకుతుంది. పేరు డబ్ల్యు ఉర్సే మేజోరిస్. చూడటానికి ఒకటే చుక్క. నిజానికి రెండు సూర్యులు. ఒకదాని ఒళ్లు ఒకదానికి తగిలి, పైపొర ఒకటైపోయి, 8 గంటల 26 సెకన్లకు ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి వస్తాయి. రోజుకు మూడు చుట్లు, మూడు షిఫ్టులు. ఇటువంటి వాటిని స్పర్శ జంటలు అంటారు. ఆ జాతి మొత్తానికీ ఈ నక్షత్రం పేరే పెట్టారు.

మాది విశాఖపట్నం శివారు కూర్మన్నపాలెం. ఇక్కడి నుంచి నక్షత్రాలు చూడటం ఏమిటని చాలామంది అడుగుతారు. దక్షిణాన కర్మాగారం వెలుగు, తూర్పున గాజువాక దీపాలు, వాటి వెనక పోర్టు. సముద్రపు తేమ వల్ల వెలుగంతా పాలపొగలా ఆకాశంలో నిలబడుతుంది. అయితే ఈ నక్షత్రం సప్తర్షి మండలంలోది, అది ఉండేది ఉత్తరాన, సింహాచలం కొండ వైపు. ఆ వైపు చీకటి కొంత మిగిలి ఉంది. కర్మాగారం వెలుగు నా వీపు మీద పడుతుంది, నేను ఉత్తరానికి చూస్తాను. మా ఊళ్లో నక్షత్రాలు చూడదలచినవారు ముందుగా చూసుకోవలసింది ఇదే: ఏ దీపం ఎటు ఉంది, ఏ నక్షత్రం ఎటు వస్తుంది అన్నది.

వెతకడం కష్టం కాదు. సప్తర్షులలో ముందు నడిచే క్రతువు, పులహుడు అనే రెండు నక్షత్రాలున్నాయి కదా. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. పులహుడి నుంచి పడమరగా ఒక పిడికిలి కొలవండి. ఫిబ్రవరి రాత్రుల్లో సప్తర్షులు ఈశాన్యంలో ఎక్కుతున్నప్పుడు ఆ పడమర అన్నది పైవైపుగా ఉంటుంది. అక్కడ థీటా, అప్సిలాన్ అనే రెండు మధ్యరకం నక్షత్రాల నడుమ, దాదాపు సరిగ్గా సగం దూరంలో మన చుక్క ఉంటుంది. మామూలు కంటికి ఆనదు, బైనాక్యులర్‌కు అందుతుంది. నా దగ్గర ఆరు అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు ఉంది.

మొదటి రాత్రి నేను చేసినది చాలా చిన్న పని. పక్కనే వెలుగు మారని రెండు నక్షత్రాలను ఎంచుకున్నాను. ఒకటి మన నక్షత్రం నిండుగా ఉన్నప్పటి వెలుగుకు దగ్గరది, ఇంకొకటి బాగా తగ్గినప్పటి వెలుగుకు దగ్గరది. పది నిమిషాలకు ఒకసారి కన్ను పెట్టి, మనది ఆ రెండింటి మధ్య ఎక్కడుందో అంచనా వేసి రాసుకోవాలి. తొమ్మిదింటికి ఎడమవైపు నిండు వెలుగు నక్షత్రానికి సమానంగా ఉంది. తొమ్మిదిన్నరకు కొంచెం వెనకబడింది. పది దాటాక ఇంకా వెనకబడింది. పదకొండుకు కుడివైపు మసక నక్షత్రం పక్కన చేరి, దానికీ దీనికీ తేడా తెలియకుండా పోయింది. రెండు గంటల్లో దాని వెలుగు ఇంచుమించు సగానికి పడిపోయింది. లెక్కల్లో చెప్పాలంటే మాగ్నిట్యూడ్ 7.8 ఉన్నది 8.5 అయింది (వెలుగు తగ్గేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది). మళ్లీ రెండు గంటల్లో యథాస్థానానికి వచ్చింది. నక్షత్రాలు కదలకుండా మారకుండా ఉంటాయని పుట్టినప్పటి నుంచి వింటూ వచ్చినవాడిని. ఒక్క రాత్రిలో, ఒక్క ఫ్లాస్కు టీ అయిపోయే లోపల, ఒక నక్షత్రం నా కళ్ల ముందు తగ్గి మళ్లీ పెరిగింది. ఆ రాత్రి కిందికి దిగి మా ఆవిడను లేపి చెప్పాను. "రెండు సూర్యులా? నిజంగానే తగిలే ఉన్నాయా?" అని లేచి కూర్చుంది.

నిజంగానే తగిలే ఉన్నాయని ఎలా తెలుస్తుంది? ఎంత పెద్ద టెలిస్కోపులో చూసినా అది చుక్కే. దూరం సుమారు 170 కాంతి సంవత్సరాలు. ఆ వెలుగు పెరిగి తగ్గే తీరులోనే సమాధానం ఉంది. దూరదూరంగా తిరిగే జంట అయితే, ఒకటి ఇంకొకదానికి అడ్డం వచ్చిన కాసేపే వెలుగు తగ్గుతుంది, మిగతా సమయమంతా వెలుగు మార్పును గీసిన గీత నేలలా చదునుగా ఉంటుంది. దీనికి చదును అన్నదే లేదు. వెలుగు నిరంతరం పెరుగుతూనో తగ్గుతూనో ఉంటుంది. ఎందుకంటే ఆ రెండూ గుండ్రంగా లేవు. ఒకదాని లాగుడుకు ఒకటి సాగిపోయి కోడిగుడ్డు ఆకారం దాటి, నడుము దగ్గర అతుక్కుని, వేరుశెనగ కాయలా ఉన్నాయి. ఆ కాయ పక్కకు తిరిగినప్పుడు మనకు వెడల్పుగా కనిపిస్తుంది, ఎదురుగా తిరిగినప్పుడు సన్నగా కనిపిస్తుంది. అడ్డం రాకముందే వెలుగు తగ్గడం మొదలవుతుంది.

ఈ ఆకారం నాకు పుస్తకంలో బొమ్మ చూసినప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం మా వంటింట్లో అర్థమైంది. ఒక ఆదివారం మా ఆవిడ గుంత పొంగనాలు వేస్తోంది, నేను పక్కన నిలబడి ఉన్నాను. గుంతలో గరిటెతో పిండి కొంచెం పోస్తే అడుగున గుండ్రంగా నిలుస్తుంది. నిండా పోస్తే అంచుదాకా వస్తుంది. పక్క గుంతలోనూ అలాగే నిండా పోసి ఇంకొక్క చుక్క వేస్తే, రెండు గుంతల మధ్య గట్టు ఎక్కడ అన్నిటికన్నా తక్కువ ఎత్తులో ఉందో అక్కడ పిండి దాటి కలిసిపోతుంది. "ఏమండీ, మాటల్లో పెట్టి పిండి ఎక్కువ పోయించారు, రెండూ అంటుకుపోయాయి చూడండి" అంది. నేను చూస్తూనే ఉండిపోయాను. రెండు నక్షత్రాల గురుత్వం, అవి గిరగిరా తిరిగే వేగం కలిసి ఆకాశంలో చేసే గుంతలు సరిగ్గా ఇవే. వాటిని లెక్కగట్టినది 19వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఎదువార్ రోష్, అందుకే వాటిని రోష్ గుంతలంటారు. మధ్య గట్టు మీద అతి తక్కువ ఎత్తున్న చోటు లగ్రాంజ్ మొదటి బిందువు. రెండు నక్షత్రాలూ తమ గుంతలు నిండి ఆ గట్టు మీదుగా పొర్లి కలిస్తే అది స్పర్శ జంట. ఇంకా ఎక్కువ పోస్తే పిండి పెనం బయటి అంచు దాటి పొయ్యి మీద పడుతుంది. నక్షత్రాలకూ అటువంటి బయటి అంచు ఉంది, దాని సంగతి తరవాత చెబుతాను. ఆ రోజు అతుక్కున్న పొంగనాల జత మా మనవరాలు తింది. తినే ముందు దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని దీపం ముందు తిప్పి చూపించాను. "ఇప్పుడు వెడల్పు, ఇప్పుడు సన్నం" అని తనే చెప్పింది.

కొలతలు చెబితే నమ్మశక్యంగా ఉండదు. పెద్దది సూర్యుడికన్నా కొంచెం బరువైనది, చిన్నది దానిలో సుమారు సగం. వాటి కేంద్రాల మధ్య దూరం సుమారు 17 లక్షల కిలోమీటర్లు. మన సూర్యుడి అడ్డుకొలతే 14 లక్షలు అని గుర్తుంచుకుంటే ఎంత ఇరుకో తెలుస్తుంది. ఆ ఇరుకులో ఒకదాని పక్కనుంచి ఒకటి సెకనుకు 360 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దూసుకుపోతుంటాయి. మనకు విశాఖ నుంచి విజయవాడ రైలు దూరం సుమారు అంతే.

కానీ నన్ను కట్టిపడేసినది వేగం కాదు, వేడి. నా ఉద్యోగమే వేడితో. ద్రవ ఇనుము 1,450, 1,500 డిగ్రీల దగ్గర ఎలా ఉంటుందో, ఉక్కు 1,600 దాటితే ఎలా ఉంటుందో నీలి గాజులోంచి చూసి చెప్పడం నేర్చుకున్నాను. ఆ తరవాత వేడి కొలిచే థర్మోకపుల్ గుచ్చి చూస్తే పాతిక డిగ్రీలు అటూ ఇటుగా సరిపోయేది. మా దగ్గర బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఏ ఫర్నేసు నుంచి వచ్చిన లోహమైనా పెద్ద లాడిల్‌లో, అంటే ద్రవ లోహం పోసే బాన లాంటి పాత్రలో ఉంటే వేడి నిలుస్తుంది, చిన్నదానిలో పోస్తే చూస్తుండగానే రంగు దిగిపోతుంది. నక్షత్రాలకూ ఇదే న్యాయం ఉండాలి. సూర్యుడిలో సగం బరువున్న నక్షత్రం ఒంటరిగా ఉంటే ఉపరితలం 4,000 డిగ్రీలలోపే ఉంటుంది, ఎర్రగా, మసకగా. మన జంటలో చిన్నది అలా లేదు. రెండూ ఆరు వేల డిగ్రీల పైచిలుకు. ఇంకా చిత్రం, చిన్నదే ఒక పిసరు ఎక్కువ వేడి.

ఇది పుస్తకంలో చదివి నమ్మిన సంగతి మాత్రమే కాదు, మేడ మీద నేను చూసుకున్న సంగతి. ఎలాగంటే, ఒక చుట్టులో రెండు గ్రహణాలు పడతాయి. ఒకసారి పెద్దది చిన్నదాన్ని కప్పుతుంది, నాలుగు గంటల తరవాత చిన్నది పెద్దదాని మీదుగా వెళుతుంది. రెండుసార్లూ మరుగుపడే వైశాల్యం ఒకటే. కాబట్టి రెండిట్లో వెలుగు ఎంతెంత తగ్గిందో పోల్చితే, ఏ ఉపరితలం ఎంత వేడిగా ఉందో తెలిసిపోతుంది. ఒకటి ఎర్రగా మసకగా ఉంటే ఒక గ్రహణం లోతుగా, ఇంకొకటి పలచగా ఉండాలి. నేను గీసిన గీతలో రెండు లోయలూ దాదాపు ఒకే లోతు. మేనల్లుడు వాడటం మానేసి పక్కన పెట్టిన కెమెరా ఒకటి తెచ్చుకుని ఫోటోలతో కొలవడం మొదలుపెట్టాక ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను విడివిడిగా గీసి చూశాను. మూడూ ఇంచుమించు కలిసి దిగి కలిసి ఎక్కాయి. గ్రహణంలోకి వెళ్లినా నక్షత్రం రంగు దిగలేదు.

దీనికి కారణం చెప్పినవాడు లియోన్ లూసీ అనే ఖగోళ శాస్త్రవేత్త, 1968లో. రెండు నక్షత్రాలకూ పైన ఉమ్మడి పొర ఉంటుంది, ఆ పొర అన్నం కుండలా లోపల తెర్లుతూ ఉంటుంది, పెద్దదాని గర్భంలో పుట్టిన వేడి ఆ మెడ దాటి చిన్నదాని మీదికి పారుతుంది, అందుకే రెండిటి ఒళ్లూ ఒకే వేడిలో ఉంటాయి అన్నాడు. అంటే చిన్న నక్షత్రం వెదజల్లే వెలుగులో ఎక్కువ భాగం దాని సొంతం కాదు, పక్కదాని పొయ్యిది. ఆ పారుదల సరిగ్గా ఎలా జరుగుతుంది, చిన్నది ఎందుకు ఒక పిసరు ఎక్కువ వేడిగా ఉంటుంది అన్నవాటి మీద శాస్త్రవేత్తల వాదనలు ఇంకా సాగుతున్నాయి. ముప్పై ఏళ్లు లాడిల్ పక్కన నిలబడినవాడిగా చెబుతున్నాను, ఇంతకన్నా అందమైన ఉష్ణ ప్రవాహం గురించి నేను ఎక్కడా వినలేదు.

చరిత్ర కొంచెం. దీని వెలుగు మారుతోందని 1903లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో గుస్తావ్ ముల్లర్, పాల్ కెంఫ్ కనుగొన్నారు. రెండు లోయలూ ఒకేలా ఉన్నాయి కనుక మొదట్లో ఆవృత్తి, అంటే ఒక చుట్టుకు పట్టే కాలం, నాలుగు గంటలే అనుకున్నారు. స్పర్శ జంట అన్న పేరు 1941లో గెరార్డ్ కైపర్ వాడినది. మన తెలుగు నేల మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్ రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోపుతో గ్రహణాలు పట్టే జంట నక్షత్రాలను చాలా ఏళ్లు కొలిచారు. విశాఖకు వస్తే చరిత్ర ఇంకా పాతది. డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతంలోనే సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. ఆ పరిశీలనలోనూ అసలు పని సమయం పట్టడమే. బస్సు కోసం డాబా గార్డెన్స్‌లో నిలబడినప్పుడల్లా నాకు ఆయన గడియారం గుర్తుకొస్తుంది.

సమయం సంగతి వచ్చింది కనుక నాకు జరిగినది చెప్పాలి. ఇది రాయడానికే అసలు కూర్చున్నాను.

స్పర్శ జంటలను ఏళ్ల తరబడి చూసేవారు ముఖ్యంగా పట్టేది గ్రహణం నడి సమయాన్ని. లెక్క ప్రకారం ఎప్పుడు రావాలి, నిజంగా ఎప్పుడు వచ్చింది, ఆ తేడా ఏళ్లు గడిచేకొద్దీ ఎటు పోతోంది. ఆవృత్తి తగ్గుతుంటే జంట దగ్గరవుతున్నట్టు, పెరుగుతుంటే ఒకదాని పదార్థం ఇంకొకదానికి పోతున్నట్టు, అటూ ఇటూ ఊగుతుంటే దూరంగా మూడో నక్షత్రం ఉన్నట్టు. అంతా ఆ కొన్ని సెకన్లలోనే ఉంటుంది. చివరికి మన భూమి తిరుగుడును కూడా సరిచేసుకోవాలి. ఫిబ్రవరిలో భూమి ఈ నక్షత్రం వైపు ఉంటుంది, ఆగస్టులో సూర్యుడికి అవతల ఉంటుంది. సూర్యుడి దగ్గర నిలబడి చూసినదానికన్నా వెలుగు మనకు ఫిబ్రవరిలో సుమారు ఆరు నిమిషాలు ముందే చేరుతుంది, ఆగస్టులో అంతే ఆలస్యమవుతుంది.

కెమెరా వచ్చిన మొదటి సంవత్సరం ఫిబ్రవరి నడుమ నుంచి మార్చి దాకా పదకొండు రాత్రులు పట్టాను. ఈ నక్షత్రం మూడు చుట్లు తిరిగేసరికి 24 గంటల 78 సెకన్లు. కనుక ఈ రోజు గ్రహణం ఏ వేళకు పడిందో రేపు కూడా దాదాపు అదే వేళకు, నిమిషంపావు ఆలస్యంగా పడుతుంది. ఆ నెలంతా రాత్రి ఎనిమిది దాటాక ఒకటి, పన్నెండు దాటాక ఒకటి, తెల్లవారుజామున నాలుగు దాటాక ఒకటి. ఎనిమిదింటిదీ పన్నెండింటిదీ పట్టి పడుకునేవాడిని. అన్నీ లెక్కకట్టి గ్రాఫు గీస్తే ఒక వింత కనిపించింది. ఎనిమిదింటి చుక్కలన్నీ సున్నా గీత మీద, అంటే లెక్క చెప్పిన వేళకే ఉన్నాయి. పన్నెండింటి చుక్కలన్నీ నిమిషానికి పైగా ఆలస్యంగా ఉన్నాయి. ఒకటి రెండు కాదు, అన్నీ.

ఎనిమిదింటి గ్రహణం ఎప్పుడూ ఒక రకం, పన్నెండింటిది ఎప్పుడూ రెండో రకం. కాబట్టి ఒక రకం గ్రహణం మాత్రమే ఆలస్యంగా పడుతోందని అర్థం. కక్ష్య కోలగా ఉంటే అలా జరగవచ్చు, కానీ ఇంత అంటుకుని తిరిగేవాటి కక్ష్య గుండ్రంగానే ఉంటుంది. ఇక మిగిలింది మచ్చలు. సూర్యుడి మీద మచ్చలున్నట్టే ఈ నక్షత్రాల మీద కూడా చాలా పెద్ద మచ్చలుంటాయి, అవి వెలుగు గీతను ఒక పక్కకు వంచుతాయి. నేను మచ్చను పట్టుకున్నానని గట్టిగా నమ్మాను. రెండు రోజులు అన్నం సహించలేదు. మేనల్లుడికి ఫోను చేసి చెప్పాను కూడా.

మూడో రోజు ఒక ఆలోచన వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటి గ్రహణం ఎనిమిదింటి రకమే కదా. మచ్చ వల్లనే అయితే అది ఆలస్యం కాకూడదు, సున్నా మీద ఉండాలి. ఆ రాత్రి పడుకోలేదు. మార్చి మొదటి వారం, తూర్పున తెలుపు రాకముందే లోయ అడుగు దాటి మళ్లీ పైకి ఎక్కడం కూడా చాలావరకు దొరికింది. లెక్కకడితే అదీ ఆలస్యమే. అంటే తేడా గ్రహణం రకంలో లేదు. అర్ధరాత్రికి ఇవతల పడినవి సరిగ్గా ఉన్నాయి, అవతల పడినవి తప్పుతున్నాయి. ఆలస్యాల సగటు తీస్తే 76 సెకన్లు వచ్చింది. 76కు దగ్గరి సంఖ్య నేను ఎక్కడో చూశాను. మూడు చుట్లకు 24 గంటల 78 సెకన్లు.

పుస్తకం తెరిచాను. సి షిఫ్టు లాగ్ బుక్ ముప్పై ఏళ్లు రాసిన చేయి నాది. పద్నాలుగో తేదీ సి షిఫ్టు అంటే పద్నాలుగో తేదీ రాత్రి పదికి మొదలై పదిహేనో తేదీ ఉదయం ఆరుకు ముగిసేది. కానీ షిఫ్టు మొత్తం పద్నాలుగో తేదీ కిందనే రాస్తాం. తెల్లవారి మూడింటికి జరిగినదైనా తేదీ పద్నాలుగే. మేడ మీద కూడా అలాగే రాశాను. అర్ధరాత్రి దాటిన ప్రతి గ్రహణానికీ నిన్నటి తేదీ వేశాను. కెమెరాలో ఫోటోల మీద తేదీ సరిగ్గానే ఉంది, నేను లెక్కకు వాడినది నా చేతి రాతను. సరిగ్గా ఒక రోజు తప్పు. వేరే నక్షత్రం అయితే ఒక రోజు తప్పు గంటల తేడాగా బయటపడి మొదటి రోజే పట్టించేది. ఈ నక్షత్రం రోజుకు మూడు చుట్లు తిరుగుతుంది కనుక ఇరవై నాలుగు గంటల తప్పును 78 సెకన్లలో దాచిపెట్టేసింది. కంటితో అంచనా వేసే రోజుల్లో నా సమయాలు ఎలాగూ నాలుగైదు నిమిషాలు అటూ ఇటూ ఉండేవి, అప్పుడైతే ఎన్నేళ్లయినా తెలిసేది కాదు.

తేదీలు దిద్దాను, పన్నెండింటి చుక్కలన్నీ వచ్చి సున్నా గీత మీద కూర్చున్నాయి. మచ్చ పోయింది. బాధ కలిగింది, కానీ అంతకన్నా ఎక్కువ ఊరట కలిగింది, మేనల్లుడికి మళ్లీ ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

కొన్నాళ్లకు ఇంకొక స్పర్శ జంట కథ చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. హంస మండలంలో కేఐసీ 9832227 అని ఒకటి ఉంది, చుట్టు తిరగడానికి దాదాపు పదకొండు గంటలు పడుతుంది. దాని ఆవృత్తి వేగంగా తగ్గిపోతోందని, 2022 ప్రాంతంలో రెండు నక్షత్రాలూ కలిసిపోయి మామూలు కంటికి కనిపించేంత వెలుగు చిమ్ముతాయని అమెరికా శాస్త్రవేత్త లారీ మోల్నార్ 2017లో ప్రకటించారు. ప్రపంచమంతా ఎదురుచూసింది. 2018లో క్వెంటిన్ సోషియా, ఆయన సహచరులు పాత రికార్డులు తిరగేశారు. ఒక పాత పరిశోధన పత్రంలో ఒక గ్రహణం సమయం అచ్చుతప్పు వల్ల సరిగ్గా 12 గంటలు తేడాగా పడింది. పదకొండు గంటల నక్షత్రానికి 12 గంటల తప్పు అంటే ఒక చుట్టు పోగా ఒక గంట తేడాలా కనిపిస్తుంది. ఆ ఒక్క గంట వల్లనే నక్షత్రాలు కలిసిపోతున్నట్టు లెక్క తేలింది. మోల్నార్ ఆ దిద్దుబాటును ఒప్పుకున్నారు. నేను ఆయన పట్ల గౌరవంతో ఆ వార్త రెండుసార్లు చదివాను. ఆకాశం గురించి అందరూ చూసి సరిచూడగలిగేలా తేదీ వేసి ముందే చెప్పడానికి ధైర్యం కావాలి, తప్పని తేలినప్పుడు ఒప్పుకోవడానికి ఇంకా ధైర్యం కావాలి.

నక్షత్రాలు కలిసిపోవడం మాత్రం అబద్ధం కాదు. అటువంటి జంట ఒకటి కలిసిపోవడం నిజంగానే రికార్డయింది. 2008 సెప్టెంబరులో వృశ్చిక రాశిలో ఒక నక్షత్రం భగ్గుమంది, దానికి వీ1309 స్కార్పియై అని పేరు పెట్టారు. పోలండ్ శాస్త్రవేత్తలు నడిపే ఓగల్ అనే సర్వే అంతకు ముందు ఏడేళ్లుగా ఆ భాగాన్ని, పూర్తిగా వేరే పని కోసం, రాత్రి తరవాత రాత్రి ఫోటోలు తీస్తూ ఉంది. రొమువాల్డ్ టైలెండా బృందం ఆ ఫోటోలు తవ్వి చూస్తే, పేలడానికి ముందు అది 1.4 రోజుల ఆవృత్తి గల స్పర్శ జంట. ఏడాదికేడాది ఆవృత్తి తగ్గుతూ, ఆ తగ్గడమే వేగం పుంజుకుంటూ, వెలుగు గీతలోని రెండు మూపులూ చివరికి ఒకటే మూపుగా మారిపోయాయి. ఇందాక వంటింట్లో ఆపిన బయటి అంచు సంగతి ఇదే. పిండి పెనం దాటి పొయ్యి మీద పడ్డాక ఇక ఆగదు. పదార్థం బయటికి పోతూ తిరిగే ఊపును తనతో తీసుకుపోతుంది, మిగిలినవి రెండూ ఒకదానిలో ఒకటి దిగబడిపోతాయి.

నా నక్షత్రానికి అంత ఆపద దగ్గరలో కనిపించడం లేదు. ఈ సంవత్సరం నెలకు ఒకసారి చూస్తే చాలు, కానీ ఆకాశం తేటగా ఉన్న రాత్రి దాన్ని చూడకుండా పడుకోలేను.

తేదీ రాసే పద్ధతి మార్చుకున్నాను. ఖగోళ శాస్త్రంలో జూలియన్ రోజుల లెక్క అని ఒకటుంది, నెలలూ సంవత్సరాలూ లేకుండా రోజులను వరసగా లెక్కపెట్టుకుంటూ పోవడమే. ఆ లెక్కలో రోజు అర్ధరాత్రి మారదు, గ్రీనిచ్‌లో మిట్టమధ్యాహ్నం మారుతుంది. యూరప్‌లో నక్షత్రాలు చూసేవారికి రాత్రి మధ్యలో తేదీ మారకూడదని ఆ ఏర్పాటు. గ్రీనిచ్ మధ్యాహ్నం అంటే మనకు సాయంత్రం అయిదున్నర. విశాఖలో సూర్యుడు దిగే వేళకు కొత్త సంఖ్య వస్తుంది, మళ్లీ తెల్లవారేదాకా మారదు. మా సి షిఫ్టు లాగ్ బుక్ లెక్కే అది. చాలా ఏళ్ల కిందట ఆ ఏర్పాటు చేసినవారికీ, రాత్రి పనిని మధ్యలో ముక్కలు చేయకూడదని షిఫ్టు పుస్తకం అలా గీసినవారికీ ఒకే అవసరం కలిగింది.

ఇప్పుడు అయిదున్నరకు టీవీలో వార్తలు మొదలవుతుంటే పుస్తకం తీసి పేజీ పైన ఆ ఏడంకెల సంఖ్య రాస్తాను. మనవరాలు పక్కన కూర్చుని నిన్నటి సంఖ్యకు ఒకటి కలిపి సరిచూస్తుంది. దాని కింద గంటలూ నిమిషాలే. నిన్న రాత్రి పేజీ ఇలా ఉంది, ఇది కెమెరా పెట్టకుండా కంటితోనే చూసినది.

11.40. ఎడమ నక్షత్రం కన్నా కొంచెం తక్కువ. సింహాచలం వైపు తేట.
12.10. రెండింటికీ నడుమ.
12.30. అద్దం మీద మంచు పట్టింది, తుడిచాను.
12.50. కుడి నక్షత్రానికి దగ్గర.
1.10. సమానం.
1.20. సమానం. టీ అయిపోయింది.
1.40. పెరుగుతోంది.